ముడికి అందని తాడు

నేను ఒక స్టీలు ఫ్లాస్కును. పొద్దున్న పోసినదాన్ని సాయంత్రం పొగలు కక్కుతుండగా తిరిగిస్తాను. నా రెండు గోడల మధ్య ఉన్నదంతా శూన్యమే, నా గొప్పతనమూ అదే. బుర్రలో శూన్యం పెట్టుకుని ఊరేగే మనుషులకు ఆ మాట పైకి చెప్పుకునే ధైర్యం లేదు పాపం.

ఫ్యాక్టరీలో పుట్టి, కొట్టు అద్దాల వెనక కొన్నాళ్లు కూర్చుని, పిఠాపురంలో ఒక సన్మాన సభలో శాలువాతో పాటు హరికథ చెప్పే వేదవల్లి గారి చేతికొచ్చాను. ఆ శాలువా ఏ బీరువాలో ఉందో! నేను మాత్రం ప్రతి వేదికా ఎక్కాను. ఆవిడ గొంతు విప్పితే చివరి వరసలో వేరుశనక్కాయలు ఒలిచేవాళ్లు కూడా చేతులు ఆపేస్తారు. ఆ గొంతు కోసం ఆవిడ రోజంతా అతిమధురం వేరుతో కాచిన టీ తాగేవారు. నేను ఖాళీ అయితే మళ్లీ కాచి నింపేవారు. ఆ గొంతులో సగం నాదేనని విర్రవీగేదాన్ని.

అంతలో ఆవిడ కాళ్లు వాచాయి. కథకు ముందు ఆవిడకు గజ్జెలు కట్టేది భర్త శేషగిరి గారు. ఒకరోజు తాడు ముడికి అందలేదు. బీపీ పెరిగింది, మాత్రలు పెంచినా దిగిరాలేదు. కాళ్లలో సత్తువ లేక గోడ పట్టుకుని నడిచేవారు. గజ్జె కట్టకుండా కథ చెప్పనని ఆవిడ, అయితే కథలే మానేద్దామని ఆయన. ఆ మాట విన్న రోజు ఆవిడ అన్నం ముట్టలేదు.

డాక్టరు గారు రక్తం అడిగారు, మూత్రం అడిగారు. నన్నెవరూ అడగలేదు. కాఫీ, టీలు తాగుతారా అంటే అలవాటే లేదన్నారావిడ. అబద్ధం కాదు, ఆవిడ లెక్కలో టీ అంటే పాలూ పంచదారా వేసేది. అంటూనే దగ్గొచ్చి, నా మూత తిప్పి కప్పులో ఒంపుకున్నారు. గదంతా గుప్పుమంది. డాక్టరు గారి పెన్ను ఆగింది.

“ఏంటమ్మా అది?”

“అతిమధురం అండీ, గొంతుకి. పాడేవాళ్లందరం తాగేదే. చెట్టు వేరు కదండీ, ఏం చేస్తుంది?”

“చాలా చేస్తుందమ్మా. ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెట్టేస్తుంది, పొటాషియం తోడేస్తుంది. నేను మాత్రతో బీపీ దించుతుంటే మీరు ఫ్లాస్కుతో ఎక్కిస్తున్నారు.”

నేను సిగ్గుపడ్డాననుకుంటున్నారేమో, అదేం లేదు. టీ చల్లారిపోయి ఉంటే ఆ వాసన అంతలా వచ్చేదా? అసలు సంగతి బయటపడేదా? దాన్ని అంత వేడిగా ఉంచిందెవరు మరి?

డాక్టరు గారు అతిమధురం మాన్పించి, పొటాషియం సరిచేసే మందిచ్చారు. గొంతు పోతుందేమోనని ఆవిడ ఎంత బెంగపెట్టుకున్నారో నాకు తెలుసు. కొన్ని వారాలకు వాపు తీసింది. సామర్లకోటలో కథ రోజున శేషగిరి గారు కింద కూర్చుని గజ్జెలు చుట్టారు. ముడి పడ్డాక కూడా తాడు జానెడు మిగిలింది. ఆయన ఆ మిగిలిన తాడును పట్టుకుని లేవకుండా అలాగే ఉండిపోయారు.

“లేవండి, జనం చూస్తున్నారు” అన్నారావిడ, కళ్లు తుడుచుకుంటూ.

కథ మధ్యలో నన్ను అందుకుని ఒక గుక్క తాగి పద్యం ఎత్తుకుంటే పందిరి మారుమోగిపోయింది. కథయ్యాక, కొత్తగా హరికథ నేర్చుకుంటున్న ఒకమ్మాయి పక్కకొచ్చి, ఆ ఫ్లాస్కులో ఏం పోసుకుంటారని రహస్యంగా అడిగింది.

“వేణ్నీళ్లమ్మా” అన్నారు వేదవల్లి గారు.

ఆ పిల్ల నమ్మలేదు. నా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా లేదు. పొద్దున్న పోసిన నీళ్లు, పొగలు కక్కుతున్నాయి.