రెండు తాళాల మందిరం

తెల్లరంగు డబ్బాలో పుల్ల పెట్టి తిప్పుతూ పుల్లన్న రేకు బోర్డు వైపు విసుగ్గా చూశాడు. పొద్దున్నుంచి గరుకు కాగితంతో రుద్దుతున్నా పాత పేరు లీలగా కనబడుతూనే ఉంది. దాని అడుగున అంతకు ముందుది, దాని అడుగున ఇంకోటి. అన్నీ తన చేతి రాతలే. ఇంకో పూత వేస్తే గాని కొత్త పేరు నిలవదు. పూత ఆరేలోపు ఆ ఇద్దరు పెద్దమనుషులూ ఒక మాట మీదికి వస్తే చాలు దేవుడా అనుకుని బ్రష్షు ముంచాడు.

బోర్డు బెళుగుప్ప దగ్గరి ఒక పల్లెలోని ప్రార్థన మందిరానిది. మందిరమంటే నాలుగు గోడలు, పైన రేకులు, ముందొక అరుగు. తలుపుకు రెండు తాళాలు వేలాడుతున్నాయి. ఒకటి కొండప్పది. బస్సు డ్రైవరుగా రిటైరై ఊరు చేరిన సంఘపెద్ద ఆయన. రెండోది శ్రీరంగప్పది. చిన్నబడిలో పాఠాలు చెప్పే అయివారు, ఆయనా సంఘపెద్దే. సంఘానికి ఏం పేరుండాలో తేలేదాకా అవతలివాడు లోపలికి పోకూడదని కొండప్ప తాళం వేస్తే, అయితే నువ్వూ పోవద్దని శ్రీరంగప్ప ఇంకో తాళం వేశాడు. జనం ఆదివారంనాడు అరుగు మీదే కూర్చుని పాటలు పాడి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఇళ్ళకు పోతున్నారు.

ఈ పేర్ల గొడవ ఇవాళ్టిది కాదు. మొదట్లో మందిరం కట్టించిన మిషను పేరే ఉండేది. మనుషులు పెట్టుకున్న పేరు మనకెందుకని దాన్ని చెరిపించారు. తర్వాత సీయోను మందిరమన్నారు. అది కొండ పేరు గాని సంఘం పేరు కాదని ఎవరో బోధకుడు వచ్చి చెప్పిపోయాడు, అదీ పోయింది. ఇక గ్రంథంలో ఉన్న పేరే పెట్టుకుందామని అందరూ ఒప్పుకున్నారు. తీరా చూస్తే గ్రంథంలో ఉన్నది ఒకటే పేరు కాదు. పౌలు రోమా వాళ్ళకు రాసినప్పుడు క్రీస్తు సంఘాలన్నాడు, కొరింథు వాళ్ళకు రాసినప్పుడు దేవుని సంఘమన్నాడు. కొండప్ప మొదటిది పట్టుకున్నాడు, శ్రీరంగప్ప రెండోది పట్టుకున్నాడు. పట్టుకున్నది వదిలే రకం కాదు ఇద్దరూ.

పుల్లన్న బతుకంతా ఇంకొకరు చెప్పిన మాటలు గోడల మీద రాయడంతోనే గడిచింది. కుర్రతనంలో రాయదుర్గం పోయి, సినిమా బోర్డులు రాసే మేస్త్రీ దగ్గర రంగులు కలపడం నేర్చుకున్నాడు. సిమెంటు, ఎరువులు, ఇద్దరు పిల్లలు చాలు, బోర్లు వేయబడును, మా పార్టీకే మీ ఓటు. ఏది రాయమంటే అది రాశాడు. ఆ బోర్లలో నీళ్ళు పడ్డాయా అని అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ ఎవరినీ అడగలేదు. పైకెక్కి రాసేటప్పుడు కింద నిచ్చెన పట్టుకునేది అతని భార్య అక్కమ్మ. శనక్కాయ చేను ఎండిపోయిన ఏళ్ళన్నీ ఆ నిచ్చెన మీదే ఇద్దరూ బతికారు. సారా మానిపించి అతన్ని మందిరానికి లాక్కొచ్చింది కూడా ఆమే. కుంటలో మనిషి మునిగేంత నీళ్ళు ఉన్న ఆఖరి ఏడు అది, బాప్తిస్మం అక్కడే తీసుకున్నారు.

ఆ అక్కమ్మ ఇప్పుడు మంచాన పడి ఉంది. కడుపులో గడ్డ. అనంతపురం డాక్టర్లు చూసి, ఇంటికి తీసుకుపోయి ఏది తినాలంటే అది పెట్టమన్నారు. ఆమె మందులడగలేదు, మాంసం అడగలేదు. రొట్టె విరిచి, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఒక్కసారి కావాలంది. తాళాలు పడినప్పటి నుంచి ఊళ్ళో ఎవరికీ బల్ల లేదు. దాని పళ్ళెమూ గ్లాసులూ ఆ తలుపు వెనకే ఉండిపోయాయి. ఇంత రొట్టె ముక్క ఇంటికి తెచ్చి ప్రార్థన చేయండని పుల్లన్న ఇద్దరి కాళ్ళా వేళ్ళా పడ్డాడు. “బల్లంటే ఆటలా? సంఘం తరఫున ఇయ్యాల్సింది. ఏ సంఘమో తేలకుండా ఎట్లిచ్చేది?” అన్నారు. వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద నిలబడింది అక్కడే.

పొద్దున పుల్లన్న రంగు డబ్బాలు సర్దుకుంటుంటే అక్కమ్మ మంచం మీంచి పిలిచింది.

“ఈపొద్దన్నా తెస్తారంటనా?”

“తెస్తారు. పేరొకటి రాసేస్తే తాళాలు తీస్తామన్నారు.”

“నువ్వు గూడా ఉండాల. ఇద్దరం కలిసి తీసుకుందాం.”

సరేనని, ఆమెను కాస్త చూస్తుండమని పక్కింటి బయమ్మకు చెప్పి వచ్చాడు. బయమ్మ వాళ్ళది మందిరానికి వచ్చే ఇల్లు కాదు, శనివారం ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టే ఇల్లు.

పూత ఆరుతుండగా పెద్దలిద్దరూ చంకలో గ్రంథాలతో వచ్చి అరుగుకు చెరో కొసన కూర్చున్నారు.

“చెప్పండి పెద్దాయనా, ఏం రాసేది?” అన్నాడు పుల్లన్న.

“చెప్పేదేముండాది? క్రీస్తు సంఘం. ఆయప్ప రక్తం పెట్టి కొన్నాడు, ఆయప్ప పేరే ఉండాల,” అన్నాడు కొండప్ప.

“దేవుని సంఘమని పౌలే రాసినాడు. నువ్వు చదివిన పుస్తకమే నేనూ చదివినా,” అన్నాడు శ్రీరంగప్ప.

“రెండూ పుస్తకంలోనే ఉండాయి కదా అయివారూ. ఏదో ఒకటి రాసేస్తా.”

“ఏదో ఒకటంటే ఎట్లప్పా? దేవుని దగ్గర ఏదో ఒకటి కుదరతాదా?” అన్నాడు శ్రీరంగప్ప.

ఎండ ముదిరింది. ఆ ఏడూ వాన ముఖం చాటేసింది, ఎర్రమన్ను గాలికి లేచి తడి పూత మీద అంటుకుంటోంది. తుడవడం, మళ్ళీ పూయడం, మళ్ళీ ఆ మాటలే వినడం. పుల్లన్నకు తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యాహ్నం దాటాక ఇద్దరి ముందూ చేతులు జోడించాడు.

“రెండు పేర్లూ రాస్తా. ఒప్పుకోండి సామీ.”

వాళ్ళు ఎలాగో తలలూపారు. పుల్లన్న ప్రాణం లేచొచ్చింది. సుద్దతో గబగబా రెండు గీతలు గీసి, నీలిరంగులో బ్రష్షు ముంచాడు.

“పైన ఏది రాస్తాండావు?” అన్నాడు శ్రీరంగప్ప.

కొండప్ప లేచి నిలబడ్డాడు. పైన, కింద అనే గొడవ ఒక దఫా నడిచింది. పక్క పక్కనే రాస్తానని పుల్లన్న అంటే, ముందు చదివేది ఎడమవైపుది కదా, అక్కడ ఏది రాస్తావని ఇంకో దఫా మొదలైంది.

పుల్లన్నకు ఒళ్ళు మండిపోయింది. తెల్లరంగు డబ్బా ఎత్తి, గీతలతో సహా బోర్డు మొత్తం మీద కుమ్మరించాడు. అరుగు పక్కనున్న బండరాయి చేతికి తీసుకున్నాడు.

“ఆడ నా పెండ్లాం సచ్చిపోతాండాది. ఆయమ్మ అడిగింది రొట్టె ముక్క, మీ పేర్లు గాదు. తాళాలు తీస్తారా, పగలగొట్టనా?”

ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి. ఇద్దరూ బిత్తరపోయి జేబులు తడుముకున్నారు. తాళాలు చిటికెలో ఊడిపోయాయి. లోపల బల్ల పళ్ళెం మీద దుమ్ము పేరుకుని ఉంటే కొండప్ప తువ్వాలుతో తుడిచాడు. శ్రీరంగప్ప ద్రాక్షరసం సీసా తీసుకున్నాడు. ఇంత సులువైన పనికి ఇన్నాళ్ళు బతిమాలుకున్నానే, ఈ రాయేదో ముందే ఎత్తకపోతినే అని తనను తాను తిట్టుకుంటూ పుల్లన్న ముందు నడిచాడు.

ఇంటి గడప మీద బయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె ముఖం చూడగానే పుల్లన్నకు అర్థమైంది.

“పొద్దు నెత్తి మీదికొచ్చేదాంకా బాట దిక్కే చూసింది అన్నా,” అంది బయమ్మ. “మళ్ళ, ఒక జొన్నరొట్టె కాల్చియ్యి బయమ్మా అనింది. ఎత్తి కూర్చోబెడితే కండ్లు మూసుకుని ఏందో చెప్పుకున్నాది. రొట్టె ఇరిచి ఇంత నోట్లో ఏసుకుని, ఇంత నాకిచ్చింది. నేను మీ దేవుని దాన్ని గాదు కదా వదినా అంటి. తినుమ్మా అనింది. తింటిని. ఇన్ని బెల్లం నీళ్ళు ఇద్దరం ఒక చెంబులోనే తాగితిమి. మళ్ళ పండుకున్నాది. అంతే అన్నా.”

చేతుల్లో పళ్ళెంతో, సీసాతో నిలబడ్డ పెద్దల వైపు ఆమె భయంగా చూసింది.

“నేను తిన్నేది తప్పేమన్నా అయితాదా సామీ?”

కొండప్ప శ్రీరంగప్పను చూశాడు. శ్రీరంగప్ప నేల చూశాడు.

పుల్లన్న లోపలికి పోయి మంచం పక్కన కూలబడ్డాడు. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది, వాళ్ళ మీదా, తన మీదా. కలిసి తీసుకుందామని అడిగిన మనిషి బల్లకు బయమ్మ ఉంది, తను లేడు. తను బోర్డు దగ్గరున్నాడు. ఆమె చేయి పట్టుకున్నాడు. వేళ్ళు చల్లబడిపోయాయి.

“నీకు గూడా ఎత్తిపెట్టింది అన్నా,” అంది బయమ్మ గడప దగ్గర నుంచే. “ఆ తలాపున చూడు.”

మంచం తలాపున గోడ గూట్లో, బోర్లించిన సత్తు గిన్నె కింద సగం జొన్నరొట్టె ఉంది, విరిచిన అంచు అప్పుడే ఎండి గట్టిపడుతూ.