చేపలు నోరు తెరిచాయి

మా ఆయన మోహనకృష్ణకి ప్రమోషన్ రావాలంటే చేపల కడుపు నిండాలని జాతకాలు చూసే పండిట్‌జీ సెలవిచ్చారు. శంకర్ నగర్‌లో ఈయన పనిచేసే ఆఫీసులో హెడ్ క్లర్కు కుర్చీ ఖాళీ అయింది. అది దక్కకపోతే, తను పని నేర్పిన ఉమేష్‌నే పొద్దున లేస్తే ‘సార్’ అనాలి. ఆ మాట తలుచుకుంటేనే ఈయనకి అన్నం సహించడం లేదు.

అందుకని రోజూ తెల్లారేసరికి గోధుమపిండి ముద్దలు చేసుకుని, గుఢియారీలో మా ఇంటి వెనక చెరువుకి బయల్దేరేవారు. పుణ్యంలో వాటాకి నన్నూ లాక్కెళ్ళేవారు. తీరా చూస్తే అవతలి గట్టున ఉమేష్! చేతిలో మా దానికంటే పెద్ద సంచీ. పండిట్‌జీకి అందరూ కావలసినవాళ్ళే మరి.

ఇంక చూడండి పోటీ. మా ఇంట్లో రొట్టెలకి పిండి మిగలదు గానీ, చెరువులో మునిగి కుళ్ళేంత పిండి. దానికి కాలనీ మురుగు తోడైంది. ఎండలు ముదిరేసరికి నీళ్ళు ఆకుపచ్చబడి, పైన మీగడలా నాచు కట్టింది. “హరియాలీ వచ్చింది, పచ్చదనం శుభం” అన్నారు పండిట్‌జీ. చేపలకు మేత వేయరాదని కార్పొరేషన్ వాళ్ళు బోర్డు పాతితే, దానికెవరో బొట్టు పెట్టి దండ వేశారు.

ఒకరోజు వెళ్ళేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

“సూసినావేటి లహరీ, ఎంత భూక్ మీదున్నాయో! మనకోసమే ఇంతెజార్ చేస్తన్నాయి” అని మురిసిపోయారు మా ఆయన.

మా అత్తగారు ఉబ్బసంతో పోయారు. ఆఖరి రోజుల్లో ఆవిడ సరిగ్గా అలాగే నోరు తెరిచేవారు. కన్నకొడుక్కి అది గుర్తురాలేదు.

“ఆకలి కాదండీ అది. ఊపిరాడక అల్లాడుతున్నాయి. ఆపండి!”

“నువ్వూరుకో. అటు సూడు, ఉమేష్ ఎంతేస్తన్నాడో” అంటూ సంచీ మొత్తం బోర్లించేశారు.

మర్నాటికి చెరువంతా తెల్లటి పొట్టలు. కంపుకి వీధిలో తలుపులు తీయలేకపోయాం. నేను ఏడ్చాను. ఈయన పండిట్‌జీ దగ్గరికి పరిగెత్తారు. మా గ్రహపీడని చేపలు పట్టుకుపోయాయి, ఇక ఢోకా లేదన్నారట ఆయన. ఆ వారమే నాగ్‌పూర్ నుంచి ఎవరో వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు మా ఆయనా, ఉమేషూ ఇద్దరూ అతన్ని ‘సార్’ అంటున్నారు. ఆ దుఃఖంలోనే ఇద్దరికీ స్నేహం కుదిరింది.

“పక్క బస్తీలో ఇంకో తాలాబ్ ఉందట లహరీ. నీళ్ళు బిల్కుల్ అద్దంలా ఉన్నాయట. పండిట్‌జీ ఈసారి అక్కడ వెయ్యమన్నారు. పిండి తియ్యి” అన్నారు ఇవాళ పొద్దున్నే.

పిండి డబ్బాని కాలితో మంచం కిందికి తోసేశాను. ఆ చేపలు ఒక్కరోజైనా ఊపిరి పీల్చుకుంటాయి కదా అని నా ఆశ.

“ఇంట్లో గుప్పెడు పిండి కూడా లేదండీ.”

“పర్లేదులే” అన్నారు చెప్పులేసుకుంటూ. “ఉమేష్ బస్తా తెస్తన్నాడు.”