ఒడ్డు లేని సరస్సు

వాన వెలిశాక కిసుము పట్నంలో సరస్సు మీద ఆవిరి లేస్తుంది. నీళ్ళేవో, ఆకాశమేదో, తేలే గుర్రపుడెక్క ఏదో ఒక పట్టాన తెలియదు. మేడ మీద గదిలో కూర్చున్న అవూర్‌కి ఈమధ్య కలలూ అలాగే వస్తున్నాయి. పచ్చటి తెప్పలు నిద్రలోకి కొట్టుకొస్తాయి, తను వాటి చుట్టూ గీతలు గీస్తూ ఉంటుంది.

ఆమె రాసిన పాఠం అదే మరి. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో గుర్రపుడెక్కలాంటి నీటి కలుపును పట్టిచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. దాన్ని నేర్పే నోట్‌బుక్‌లు కంప్యూటర్‌లోనే తెరుచుకుంటాయి. వాటిలో ఒక గడిలో మాటలుంటాయి, కింది గడిలో కోడ్ ఉంటుంది, నడిపితే బొమ్మ వస్తుంది. అన్నీ ఎక్కడో మంచుదేశాల చెరువుల బొమ్మలే. తమ సరస్సుతో ఒకటుండాలని అవూర్ పట్టుబట్టి రాసింది. ఈ సాయంత్రంలోగా ఒప్పుకుంటే సాఫ్ట్‌వేర్ కొత్త విడుదలలో చేరుతుంది, సరస్సు ఒడ్డునే ఉన్న హోమా బేలో చేపల సంఘాల వాళ్ళు దాంతోనే నేర్చుకుంటారు. లేదంటే మరో ఏడాది మంచు చెరువులే గతి.

ఒప్పుకోవాల్సింది ఆ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు తరఫున పాఠాలు పరీక్షించే ఒగోలా. ఆ ప్రాజెక్టు వాళ్ళకో పట్టింపు ఉంది. ఏమీ తెలియని మనిషి కొత్త కంప్యూటర్ మీద పాఠాన్ని మొదటి నుంచి నడపాలి. ఆ మనిషి కుర్చీలోంచి లేచేదాకా రాసినవాళ్ళు పక్కనే నోరు మెదపకుండా కూర్చోవాలి. తప్పులుంటే తరవాత దిద్దుకోవచ్చు. నోరు మెదిపితే మాత్రం ఆ విడుదలకు నీళ్ళొదులుకోవడమే. చాదస్తమే, కాని అందులో న్యాయం లేకపోలేదు.

అవూర్ తన అక్క అకేలోని పిలుచుకొచ్చింది. అకేలోకి సంతలో బట్టల కొట్టు.

"అసెంబో ఊరి ఆడపడుచులు ఇద్దరూ దిగారా. ఇక నాకు మాట దక్కినట్టే," అన్నాడు ఒగోలా.

"మా చెల్లి నోరు నువ్వే కుట్టేశావుగా. కానివ్వు, మాట్లాడుకో," అంది అకేలో.

మొదటి గడులు చక్కగా నడిచాయి. సరస్సు తెర మీద నీలంగా విచ్చుకుంది. "మన నీళ్ళే," అంటూ అకేలో వేలితో తాకి చూసింది. తరవాతి గడి నొక్కగానే ఎర్రటి అక్షరాలు బారుగా పడ్డాయి. ఒడ్డంటే ఏమిటో తనకు తెలియదంది కంప్యూటర్.

అవూర్‌కి వెంటనే అర్థమైంది. ఒడ్డు ఎక్కడుందో చెప్పే గడిని, పాఠం పొడుగవుతోందని తనే తీసేసింది. తన కంప్యూటర్‌ని ఎప్పుడూ ఆపలేదు గనక, అది ఆ పాత ఒడ్డును మనసులో పెట్టుకుని అడిగినప్పుడల్లా అందిస్తూ వచ్చింది. చెరిపేసిన ఒడ్డు మీద నిలబడి ఇన్నాళ్ళూ పాఠం చెప్పింది తను. కిటికీ అవతల తెల్లటి ఆవిరి తప్ప ఏమీ లేదు. నీళ్ళు గదిలోకే వస్తున్నట్టనిపించింది.

అకేలో మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఎరుపే. పైనుంచి ఒక్కో మాటా పెదవులు కదుపుతూ చదివింది.

"నేనేదో తప్పు నొక్కినట్టున్నాను," అంది చిన్నగా. "కాలేజీలోనూ ఇంతే. కంప్యూటర్ పరీక్ష మధ్యలో ఇలాగే ఎర్రగా వచ్చి ఆగిపోయింది. అందుకే చదువు మానేశాను. నా బుర్రకి ఇవి ఎక్కవు."

తన చేతులంటుకుని పాడైపోయిందేమో అన్నట్టు, తలగుడ్డ కొసతో కీబోర్డును తుడవసాగింది.

ఆమె లేచేదాకా ఓపిక పడితే చాలు. అవూర్‌కి ఆ సంగతి తెలుసు. కాని అక్క అలా తుడుస్తుంటే చూడలేకపోయింది.

"తప్పు నీది కాదక్కా. నాది. ఒడ్డు నేనే పీకేశాను. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఇక్కడే ఆగిపోతారు."

ఒగోలా కళ్ళు మూసుకున్నాడు. "రెండు నిమిషాలు ఆగలేకపోయావా, అవూర్? ఇక ఏడాది దాకా నేనేం చేయలేను."

"ఏడాదైతే ఏడాదే."

అకేలో వాళ్ళ మాటలు వినడం లేదు. ఎర్ర అక్షరాల వంకే చూస్తోంది.

"అయితే అప్పుడు, ఆ పరీక్షలో కూడా..." అంది.

అవూర్ ముందుకు వంగి అక్క చేతి మీద చెయ్యి వేసింది.

అకేలో కుర్చీని ముందుకు లాక్కుంది. "ఆ ఒడ్డేదో పెట్టవే," అంది. "నడిపాకే లేస్తాను."