వెనక్కి అడిగి చూడటం

ఇలా దగ్గరికి జరుగు. ఆ ఫోను బోర్లా పెట్టు, కాసేపు చూడకపోతే అదేం అలగదు. అందులో షేర్ల ఖాతా తెరవాలని, ఏ కంపెనీ మంచిదో తేల్చుకోలేక తిండి కూడా సరిగ్గా తినడం లేదని మీ అమ్మ చెప్పింది. తెరువు, నేనేం అడ్డుపడను. కానీ ముందు మీ పిన్ని సంగతి విను. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. నీకు తెలిసింది ముక్కలు ముక్కలుగానే. దాని వెంట పడి తిరిగింది నేను గనక, మొత్తం నాకే తెలుసు.

పిన్ని అప్పటికి కళ్ళజోళ్ళ దుకాణంలో జీతానికి పనిచేసేది. ముందు గదిలో యజమాని పెద్దాయన వచ్చినవాళ్ళ కళ్ళు చూసేవాడు. ఒక అద్దం వేసి "ఇది బాగుందా?" అనేవాడు, ఇంకోటి మార్చి "ఇప్పుడు?" అనేవాడు. వెనక గదిలో పిన్ని ఆ అద్దాల్ని ఫ్రేము ఆకారానికి అరగదీసి బిగించేది. కాస్త ఎక్కువ అరిగితే అద్దం ఊడిపోతుంది, తక్కువ అరిగితే ఫ్రేము పగులుతుంది. వేళ్ళ చివర్లకు ఎప్పుడూ తెల్లటి పొడి అంటుకుని ఉండేది. అన్నం తినబోతూ దులుపుకుంటుంటే నేను తిట్టేదాన్ని.

పెద్దాయన పిల్లలెవరూ ఆ పనిలోకి రాలేదు. "ఇంకో రెండు మూడేళ్ళు నెట్టుకొస్తానమ్మాయ్. ఆ తర్వాత దుకాణం నువ్వే తీసుకో" అన్నాడు ఒకరోజు. ఆయన ఏ మూడ్‌లో అన్నాడో గానీ, మీ పిన్ని ఆ మాటను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. కొత్త చీర మానేసింది, ఊళ్ళు తిరగడం మానేసింది, మీ బాబాయి బస్సు డ్యూటీలో అదనంగా వచ్చినదంతా లాక్కుని దాచింది. అయితే బ్యాంకులో వేసింది వేసినట్టే ఉంటోంది, ఆ వీధిలో దుకాణాల ధరలు మాత్రం పరుగులు పెడుతున్నాయి. ఇలా అయితే ఎప్పటికీ అందుకోలేనని దానికి గుబులు పట్టుకుంది. డబ్బు షేర్లలో పెడితే పెరుగుతుందని ఎవరో అన్నారు. అక్కడ మొదలైంది పీడ.

ఇక చూడాలి దాని అవస్థ. ఒక కంపెనీ కమీషన్ తక్కువ తీసుకుంటుందట గానీ కష్టం వస్తే ఫోనెత్తే మనిషే ఉండడట. ఇంకో కంపెనీ అన్నీ తానే చూసుకుంటుందట. షేర్లు, ఫండ్లు, ముసలితనానికి దాచుకునే ఖాతా, మనకంటూ ఒక సలహాదారు, ఊళ్ళో ఒక ఆఫీసు కూడా. అందుకు తగ్గట్టు కమీషనూ కాస్త ఎక్కువే. పొద్దున కాఫీ తాగుతూ మొదటిది బాగుందనేది, సాయంత్రం బట్టలు మడతపెడుతూ రెండోది బాగుందనేది.

"అత్తయ్యా, మీ అమ్మాయికి కళ్ళజోళ్ళ జబ్బు పట్టుకుంది" అన్నాడు మీ బాబాయి. "ఇది బాగుందా, అది బాగుందా అని రోజూ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి అడుగుతోంది. నాకు రెండూ మసకగానే కనిపిస్తున్నాయి."

"నీకు స్టీరింగు తప్ప ఇంకేం కనిపిస్తుంది?" అంది పిన్ని.

నన్నూ అడిగింది. నాకేం తెలుసే షేర్ల గురించి? నాకు తెలిసింది ఒక్కటే చెప్పాను. మా అత్తగారు ఏ కొత్త దుకాణానికి వెళ్ళినా మొదట ఒక చిన్న వస్తువు కొనేవారు. గిన్నె మీద మూతో, దారపు ఉండో. మర్నాడు తీసుకెళ్ళి "ఇది వద్దు, వెనక్కి తీసుకోండి" అనేవారు. కొనేటప్పుడు అందరూ నవ్వుతారు గదా, ఆ నవ్వు ఆవిడకు అక్కర్లేదు. వెనక్కి అడిగినప్పుడు ముఖం ఎలా పెడతాడో చూసి, నచ్చితేనే పెద్ద బేరం. ఒకసారి ఒక మంచాల కొట్టువాడు మేకు వెనక్కి తీసుకోవడానికి అరగంట గొణిగాడని, పెళ్ళి మంచం వాడి దగ్గర కొనకుండా ఊరి అవతలి నుంచి మోయించుకొచ్చింది మహాతల్లి! నేనూ అదే నేర్చుకున్నాను, నా కూతుళ్ళకూ అదే నేర్పాను. "కాస్త వేసి, వెనక్కి అడిగి చూడు" అన్నాను పిన్నితో.

"కాస్త" అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకో.

ఆ అన్నీ చూసుకునే కంపెనీ వాళ్ళు ఒక ఆశ పెట్టారు. ఫలానా తేదీలోగా పెద్ద మొత్తం వేస్తే కొంత డబ్బు కానుకగా కలుపుతారట. గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం, మీ పిన్ని దుకాణం కోసం దాచిన డబ్బు మొత్తం అందులో వేసేసింది. వేసిన గంటకే దాని కాళ్ళు నేల మీద నిలవలేదు. కాలు కాలిన పిల్లిలా వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి. చివరికి నా మాట గుర్తొచ్చి, ఊరికే చూద్దామని, వేసినదంతా వెనక్కి ఇవ్వమని నొక్కింది.

అంతే. తెర మీద ఎర్ర అక్షరాలు. ఖాతా ఆపేశాం, పరిశీలిస్తున్నాం, ఎదురుచూడండి అని.

దాని ముఖం చూసి నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నట్టు, మర్నాడే పెద్దాయన పిలిచి కూర్చోబెట్టాడు.

"నడుం ఇంక నిలబడనివ్వట్లేదమ్మాయ్. అనుకున్నదానికంటే ముందే ఆపేస్తున్నాను. పక్కనున్న సెల్‌ఫోన్ల కొట్టువాడు గోడ పగలగొట్టి రెండూ కలిపేసుకుంటానంటున్నాడు. నీకు మాటిచ్చాను గనక శుక్రవారం సాయంత్రం దాకా ఆగుతాను. సగమైనా తెచ్చి చేతిలో పెట్టు, మిగతాది మెల్లగా చూసుకుందాం."

సగం కాదు, మొత్తం ఉంది మీ పిన్ని దగ్గర. ఉండి లేదు.

ఫోను మీద పడింది. యాప్‌లో రాస్తే ఒక యంత్రం జవాబిచ్చేది. "మీ ఇబ్బంది మాకు అర్థమైంది" అని. ఏం రాసినా అదే.

"అర్థమైనవాడు అన్నిసార్లు చెప్పడే" అన్నాను నేను.

ఇంతకుముందు రోజూ తనంతట తానే ఫోన్ చేసి "మేడమ్, భోజనం అయిందా" అని పలకరించిన సలహాదారుకు చేసింది. స్పీకర్లో పెట్టింది, నేనూ విన్నాను.

"అది నా విభాగం కాదు మేడమ్. వాళ్ళే చూస్తారు. ఈలోపు మీకోసం ఒక మంచి ఫండ్ చూసిపెట్టాను..."

"నా డబ్బు తాళంలో ఉంటే దేంతో కొనమంటారండీ?"

"తాళం తీశాకే మేడమ్, తొందరేం లేదు" అన్నాడు. ఎంత మర్యాదో పిల్లాడికి!

సాయంత్రం మీ బాబాయి వచ్చి సంగతంతా విన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి "అత్తయ్యా, మీ అత్తగారు మూత కొని చూసేవారు. మీ అమ్మాయి కొట్టంతా కొని వెనక్కిచ్చింది" అన్నాడు.

మర్నాడు పిన్నీ నేనూ వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాం. అంతా అద్దాలే, అడుగు వేస్తే మన ముఖమే మనకు ఎదురొస్తుంది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఖాతా తెరవడానికి వచ్చామనుకుని తెల్లగా నవ్వింది. డబ్బు వెనక్కి కావాలనగానే ఆ నవ్వు ఏమవుతుందా అని నేను కళ్ళార్పకుండా చూశాను. తగ్గింది గానీ పోలేదు.

కంప్యూటర్లో చూసి "అమ్మా, మీరు మొత్తం వేసి, ఏమీ కొనకుండా, గంటలోనే తీయబోయారు. ఎందుకలా?" అంది.

పిన్ని సిగ్గుపడి నా వైపు చూసింది. నేను మా అత్తగారి సంగతి మొదలుపెట్టాను. మూత, దారపు ఉండ, పెళ్ళి మంచం, అన్నీ. వెనక నిలబడినవాళ్ళు కూడా వింటున్నారు. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అమ్మమ్మగారూ, దొంగలు కూడా సరిగ్గా ఇలాగే చేస్తారు. ఎవరి డబ్బో ఇందులో వేసి, వెంటనే ఇంకోదారిన తీసుకుపోతారు. అందుకే యంత్రం ఆపేసింది."

నాకు కొంచెం కోపం వచ్చింది, కొంచెం ఊరట కలిగింది. తలుపు వేసింది మన మీద కాదన్నమాట, మన వేషంలో వచ్చేవాడి మీద. ఆ సంగతి ముందే మన భాషలో చెబితే వీళ్ళ సొమ్మేం పోయింది?

"ఇక్కడ నేను తీయలేను" అంది ఆ అమ్మాయి. "కానీ ఎవరి చేతిలో ఉందో వాళ్ళతో మాట్లాడతాను." మా ముందే ఫోన్ చేసింది. ఒకరు ఇంకొకరి మీద, ఆ ఇంకొకరు మరొకరి మీద తోశారు. ఆ పిల్ల ఫోను పెట్టెయ్యలేదు. చివరికి రేపు మధ్యాహ్నం ఫోన్లో ముఖం చూపించి, డబ్బు తనదేనని చెబితే వదులుతారని తేల్చింది. "తప్పిపోతే మళ్ళీ వచ్చేవారం దాకా కుదరదమ్మా, జాగ్రత్త" అంది.

వచ్చేవారం అంటే శుక్రవారం దాటిపోయినట్టే.

గురువారం పెద్దాయన భోజనానికి ఇంటికి వెళ్ళాక దుకాణం వెనక గదిలో కూర్చున్నాం. అద్దాలు అరగదీసే యంత్రం పక్కన డబ్బా నిలబెట్టి, దానికి ఫోను ఆనించింది పిన్ని. తెర వెలిగింది. మొదటి మాటే "కళ్ళజోడు తీయండి" అని. తీసింది. తీయగానే "అమ్మా, ఏం రాశాడే? నాకు ఏమీ కనపడట్లేదు" అంది.

ఊరందరికీ అద్దాలు బిగించే మనిషికి తన అద్దాలు లేకపోతే అరచెయ్యి కూడా ఆనదు! తెర మీద ఇంకెవరి ముఖమూ కనపడకూడదట. అక్షరాల చుట్టూ ఒక గీత గుండ్రంగా తిరుగుతోంది, అది పూర్తయితే పని ఆగిపోతుందని ఆఫీసు పిల్ల ముందే చెప్పింది. మీ బాబాయి బస్సులో ఉన్నాడు. చదవగలిగిన మనిషి ఎవరున్నారక్కడ? నేను. నాకు అక్షరాలు ఒక్కొక్కటే ఎదురొస్తాయి, గుంపుగా వస్తే ఎవరెవరో పోల్చుకోలేను. బస్సు బోర్డు చదివేలోపు బస్సు వెళ్ళిపోయే చదువు నాది.

పక్కనుంచి మెడ సాచి మొదలుపెట్టాను. "త... ల... ఎ... డ... మ..."

"ఎడమవైపా?"

"తిప్పు, తిప్పు!"

తిప్పింది. మళ్ళీ అక్షరాలు మారాయి. "కళ్ళు ఆర్పు" అని చెప్పాను. ఆఖరున ఒక పొడుగాటి వాక్యం వచ్చింది, గట్టిగా పలకమని. నేను ఒక్కో మాట కూడబలుక్కుంటూ చెవిలో గొణగడం, అది పైకి అనడం.

"ఈ... డబ్బు... నాది."

"ఈ డబ్బు నాది" అంది పిన్ని.

"నా... ఇష్... ఇష్టంతో..." అక్కడ ఆగిపోయాను. గీత చాలా దూరం తిరిగింది. తర్వాతి మాట వత్తుల మీద వత్తులతో పురుగులా మెదులుతోంది. పిన్ని నా చెయ్యి పట్టుకుంది గానీ తొందరపెట్టలేదు. అది చిన్నప్పుడు బడిపలక ముందు నత్తిగా చదువుతుంటే నేనూ ఇలాగే చెయ్యి పట్టుకుని కూర్చునేదాన్ని. "స్వ... స్వయంగా... వెనక్కి... తీసుకుంటున్నాను."

పిన్ని ఒక్క మాటా తప్పకుండా పైకి అంది. తెర పచ్చబడింది. రేపు బ్యాంకులో పడుతుందని వచ్చింది. ఈసారి ఆ ముక్క కళ్ళజోడు పెట్టుకుని తనే చదువుకుంది, మళ్ళీ మళ్ళీ.

కానీ రేపు అంటే ఎప్పుడు? పొద్దునా, చీకటి పడ్డాకా? శుక్రవారం అంతా ముళ్ళ మీద కూర్చున్నట్టే. ఎవరో ముసలాయన కోసం అద్దాన్ని అరగదీస్తూ పిన్ని ఫోను వైపు చూసి పాడు చేసింది. అన్నేళ్ళలో అదే మొదటిసారి. టీ తెప్పించుకుంది, తాగలేదు. సాయంత్రమయ్యేసరికి సెల్‌ఫోన్ల కొట్టువాడు టేపు పట్టుకుని వచ్చి ముందు గది గోడ కొలవడం మొదలుపెట్టాడు. కొలుస్తూ "ఈ కుర్చీ తీసేయొచ్చుగా?" అన్నాడు పెద్దాయనతో, కళ్ళు పరీక్ష చేసే కుర్చీని కాలితో కాస్త జరిపి.

అప్పుడు మోగింది ఫోను. డబ్బు వచ్చేసింది. కానుక మాత్రం రాలేదు, దాన్ని వాళ్ళే ఉంచుకున్నారు. పిన్ని గబగబా లేచి ముందు గదిలోకి వెళ్ళి, ఫోను పెద్దాయన కళ్ళ ముందు పెట్టింది. ఆయన దూరంగా జరిపి, దగ్గరగా జరిపి చూశాడు.

"బాగుందా బాబాయిగారూ?" అంది.

"కనిపిస్తోందమ్మాయ్, స్పష్టంగా కనిపిస్తోంది" అన్నాడు ఆయన. తర్వాత ఆ కొట్టువాడి వైపు తిరిగి "బాబూ, ఆ కుర్చీ ఎక్కడ ఉండేదో అక్కడే పెట్టు" అన్నాడు.

అదీ సంగతి. ఇప్పుడు అడుగు, పిన్ని ఆ కంపెనీని వదిలేసిందా అని. వదల్లేదు. దుకాణం నిలదొక్కుకున్నాక, ఇప్పట్లో అక్కరలేదనుకున్నదే నెలనెలా కాస్త అందులో వేస్తోంది. సలహాదారు ఫోన్లు ఎత్తదు, ఆఫీసు పిల్లతో మాత్రం మాట్లాడుతుంది. ధర పడిపోయిన రోజు మళ్ళీ వంటింట్లోంచి వాకిట్లోకి తిరుగుతుంది, అది దాని నైజం, ఏం చేస్తాం? ఏడాదికోసారి మాత్రం కొంచెం వెనక్కి అడిగి చూస్తుంది. అది వచ్చేదాకా నాకు ఫోన్ చేస్తూనే ఉంటుంది.

నువ్వూ ఏ కంపెనీ అయినా ఎంచుకో తల్లీ. కాస్త వెయ్యి, నాలుగు రోజులాగి వెనక్కి అడుగు, అప్పుడు వాళ్ళ ముఖం చూడు. కొట్టంతా కొనకు. రేపు నీ పిల్లలు పెద్దై ఇలా ఫోను పట్టుకుని తిరిగినప్పుడు, వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పు. నీకు తోచింది కలుపుకో, విసుగైంది తీసెయ్. మా అత్తగారి మంచం తీసేసినా ఏమీ అనుకోను. కానీ నేను కూడబలుక్కుంటూ చదివిన సంగతి మాత్రం వదలకు. ఎలా చదివానో అలాగే చదివి వినిపించు, ఒక్కొక్క అక్షరమే.