ఎనభై ఒకటి నుంచి తొంభై ఆరు దాకా

బడులు తెరిచే ముందు ఆదివారం వచ్చిందంటే ఆ ఇంట్లో అడుగు పెట్టడానికి చోటుండేది కాదు. నేలంతా కాగితాలు. వాటి మధ్య బాసింపట్టు వేసుకుని ఇంటిపెద్ద. ఇరవై రెండేళ్లుగా బైండింగ్ షాపులో పుస్తకాలు కుడుతున్న మనిషి. కూతురి పుస్తకాలకు అట్టలు వేసే పని మాత్రం ఇంకొకళ్లని ముట్టుకోనివ్వడు. అచ్చులో సిరా మసకబారిందనో, అంచు ముడత పడిందనో పక్కన పడేసిన పెద్ద పెద్ద షీట్లను చుట్ట చుట్టి ఇంటికి తెచ్చేవాడు. స్కేలు అక్కర్లేదు, కొలత అక్కర్లేదు. బొటనవేలి గోటితో ఒక్క గీత, టక్కున మడత. "చూడమ్మా, ఏడాదంతా చెక్కు చెదరదు" అనేవాడు. పదహారేళ్ల కూతురు పక్కన కూర్చుని ఒక్కో పుస్తకం అందించేది. తల్లి కుట్టుమిషను మీది నుంచి తలెత్తి ఇద్దర్నీ చూసి మురిసిపోయేది.

ముచ్చటైన సంసారమే, కాదన్ను. కానీ చదువరులు ఒక్క సంగతి గమనించాలి. కూతురి పుస్తకాలకు తాను వేస్తున్న కాగితాల మీద ఏం అచ్చయి ఉందో ఆయన ఏనాడూ చదవలేదు. ఆ ఏడాది తెచ్చినవన్నీ ఒకే నవల తాలూకు షీట్లు. కుర్రకారు నుంచి రిటైరైన వాళ్ల దాకా ఎగబడి చదువుతున్న నవ్వుల ప్రేమకథ అది. మూడోసారి అచ్చవుతోంది. వేల ప్రతులు ఆయన చేతుల మీదుగానే వెళ్లాయి. "ఏముంటుంది వాటిల్లో? వాడు దీన్ని చూస్తాడు, ఇది వాణ్ణి చూస్తుంది, ఇకిలింపులు సకిలింపులు. పనీపాటా లేని వాళ్ల చదువు" అనేవాడు. టీవీలో ఒక అబ్బాయి ఒక అమ్మాయి కాస్త నవ్వుకుంటూ మాట్లాడుకుంటే చాలు, ఛానెల్ మారిపోయేది. ప్రేమ అనే మాట ఆ ఇంట్లో దగ్గు వచ్చినట్టు వచ్చి దగ్గులాగే పోయేది. ఆడపిల్ల పగలబడి నవ్వితే "ఏమిటా నవ్వు?" అని ఒక కేక. మనిషి చెడ్డవాడు కాడు. కూతురంటే పంచప్రాణాలు. కాపలా కాయడమే ప్రేమ అనుకునే తండ్రులు మన చుట్టూ ఎంతమంది లేరు!

ఇక్కడ పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. పెద్ద కాగితానికి అటు ఎనిమిది పేజీలు, ఇటు ఎనిమిది పేజీలు అచ్చువేసి మడిస్తే పదహారు పేజీల కట్ట అవుతుంది. దాన్ని ఫారం అంటారు. అలాంటి ఫారాలు వరసగా పేర్చి కుడితే పుస్తకం. మడవని షీటులో పేజీలు వరస తప్పి ఉంటాయి, సగం తలకిందులుగా ఉంటాయి. చదవడం ఎవరి తరమూ కాదు, బైండరు కూతురి తరం తప్ప. చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆయనే నేర్పాడు, ఏ పేజీ తర్వాత ఏది వస్తుందో. ఆ పిల్ల అమ్మానాన్న ఇంట్లో లేనప్పుడు అట్టలు విప్పి, షీటును ఇటు తిప్పి అటు తిప్పి చదివేది. ఫిజిక్స్ పుస్తకానికి మొదటి ఫారం, లెక్కలకి రెండోది, చరిత్రకి మూడోది. చదివాక మళ్లీ అదే మడత మీద అట్ట వేసేసేది. వేసిన చెయ్యి తండ్రి దగ్గర నేర్చిందే కాబట్టి, తీసి పెట్టినట్టు తండ్రికే తెలిసేది కాదు.

ఆ నవల మొదలుపెడితే ఎక్కడా ఆపబుద్ధి కాదు. కళ్లజోళ్ల దుకాణంలో ఒక అమ్మాయి పనిచేస్తుంటుంది. బ్రహ్మాండమైన చూపున్న ఒకబ్బాయి వారం వారం కళ్ల పరీక్షకు వస్తుంటాడు. గోడ మీది పెద్ద అక్షరాన్ని కూడా కావాలని తప్పు చదువుతాడు. ఎనభయ్యో పేజీలో ఆ అమ్మాయికి విసుగొచ్చి, "మీ కళ్లు బంగారంలా ఉన్నాయి. ఇక రావద్దు" అనేస్తుంది. తొంభై ఏడో పేజీకి వచ్చేసరికి అబ్బాయి కాలికి కట్టు, ఇద్దరూ బల్ల మీద కూర్చుని కడుపుబ్బ నవ్వుకుంటున్నారు! మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే ఆరో ఫారం కావాలి. ఆ ఒక్క ఫారం ఒక్క షీటూ పాడవకుండా అచ్చయింది. అందుకే ఇంటికి రాలేదు. నాన్నని అడిగే ధైర్యం లేక ఆ పిల్ల కొన్నాళ్లు జుట్టు పీక్కుని, చివరికి ఒక నోటుపుస్తకం తీసుకుని ఆ పేజీలు తానే రాయడం మొదలుపెట్టింది.

ఐదు నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఫిజిక్స్ పుస్తకం అట్ట చిరిగితే మార్చడానికి తీశాడు తండ్రి. అట్ట వెనక నుంచి ఆ నోటుపుస్తకం జారి ఒళ్లో పడింది. తెరిచాడు. మొదటి పేజీలో కూతురి దస్తూరీ. "మీరు రావద్దన్నా నా కాళ్లు ఇటే వస్తాయి, నేనేం చెయ్యను? అన్నాడు అతను." ఆయనకు ఒళ్లంతా మంట పుట్టింది. రెండో పేజీ తిప్పే ఓపిక కూడా లేకపోయింది.

"ఎవడు వీడు?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"అది కథ నాన్నా..."

"కథా? నాకు చెవుల్లో పువ్వులు పెడతావా? ఎవడో చెప్పు!"

పిల్ల నోరు తెరిచింది. ముఖం పాలిపోయింది. మళ్లీ నోరు మూసుకుంది. ఆ మౌనమే ఆయనకు సాక్ష్యమైపోయింది.

"రేపట్నుంచి బడి లేదు, గిడి లేదు. ఇంట్లో పడి ఉండు!"

"ఏవండీ, కాస్త దాని మాట..." అని తల్లి లేవబోయింది.

"నువ్వు మధ్యలో రాకు. నీ గారాబమే ఇదంతా."

మర్నాడు కూతురు ఆ నోటుపుస్తకాన్ని చింపేస్తుందేమోనని అన్నం క్యారేజీ ఉన్న సంచీలో పెట్టుకుని పనికి వెళ్లాడు. జిగురు రాసిన పుస్తకాలు ఆరుతున్నాయి. చేతులు ఖాళీ. సంచీలోంచి దాన్ని తీశాడు. కోపం పోలేదు గానీ, ఇరవై రెండేళ్ల అలవాటు కోపం కన్నా ముందు లేచింది. బైండరు పుస్తకం చేతిలోకి తీసుకుంటే ముందు చూసేది మాటల్ని కాదు, పేజీ నంబర్లని. మొదటి పేజీ మూలన ఎనభై ఒకటి అని వేసి ఉంది. ఇదేమిటి, నోటుపుస్తకం ఎనభై ఒకటితో మొదలవ్వడం? గబగబా చివరికి తిప్పాడు. తొంభై ఆరు. లెక్కపెట్టక్కర్లేదు, చేతికే తెలుస్తుంది. పదహారు పేజీలు. ఆరో ఫారం, పిల్ల అట్టలకు తాను తెచ్చిన షీట్లలో లేని ఒకే ఒక్క ఫారం.

ఎదురుగా అదే నవల నాలుగో అచ్చు ఫారాలు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి. ఆరో కట్టలోంచి ఒకటి లాగాడు. స్టూలు మీద కూర్చుని, జీవితంలో మొదటిసారి తాను కుట్టే పుస్తకం చదివాడు.

ఆ అబ్బాయి "సరేనండీ" అని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆఫీసుకు దారి ఆ దుకాణం ముందు నుంచే. ఆమెకు ఇబ్బందని చుట్టూ తిరిగి వెనక వీధిలోంచి వెళ్లడం మొదలుపెట్టాడు. అక్కడ నీళ్ల పైపుల కోసం గుంట తవ్వారు. పడ్డాడు. పైకి లాగిన మేస్త్రీ "కళ్లు కనపడవా?" అని కసిరితే, "బంగారంలా ఉన్నాయని సర్టిఫికెట్ కూడా ఉందండీ" అన్నాడు.

బైండరు పక్కున నవ్వాడు. ఆ షాపులో ఆయన నవ్వు విన్నవాళ్లు లేరు. పక్కనే ప్రెస్సు గదిలో ప్రూఫులు దిద్దే పెద్దావిడ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని తొంగిచూసింది. షాపులో అందరికీ ఆవిడ పెద్దక్కయ్యే.

"ఏం తమ్ముడూ, నువ్వేనా నవ్వింది? వానేమైనా పడుతుందా?"

ఆయన నవ్వు అప్పటికే ఆగిపోయింది. "అక్కయ్యా, నేను పిల్లని బడి మాన్పించాను" అన్నాడు. జరిగిందంతా చెప్పి నోటుపుస్తకం చేతికిచ్చాడు. "అది నిజంగానే కథ రాసుకుంది. నేనే తొందరపడ్డాను."

పెద్దక్కయ్య తొందరపడలేదు. నిలబడే మొదటి పేజీ నుంచి చదివింది. చదువుతున్నకొద్దీ ఆవిడ పెదాలు బిగుసుకున్నాయి. "కూర్చో. నువ్వూ చివరిదాకా చదువు" అంది.

కూతురు రాసిన అబ్బాయి "సరేనండీ" అనలేదు. రావద్దన్నా వచ్చాడు. బస్సుస్టాపు దగ్గర నిలబడ్డాడు. చీటీ పుస్తకాల్లో దూర్చాడు. తీసుకోకపోతే చెయ్యి పట్టుకుని లాగాడు. కళ్లజోళ్ల అమ్మాయి దారి మార్చుకుంటే ఆ దారిలోనూ ఉన్నాడు. నవ్వుల కథలో నవ్వు ఎక్కడా లేదు. తొంభై ఐదో పేజీలో, ఆ అమ్మాయి ఇంటికి పరిగెత్తి అంతా నాన్నకు చెప్పింది. తొంభై ఆరో పేజీలో ఇలా ఉంది.

"నాన్న అన్నాడు: నువ్వు పళ్లికిలించి ఉంటావు, లేకపోతే వాడెందుకు వస్తాడు?" కొట్టివేత.

"నాన్న ఏమీ అనలేదు. టీవీ చప్పుడు పెంచాడు." కొట్టివేత.

"నాన్న అన్నాడు: రేపట్నుంచి బడి లేదు." అదీ కొట్టివేత.

"నాన్న అన్నాడు:" ఆ తర్వాత పేజీ అడుగుదాకా ఖాళీ.

తాను నిన్న అన్న మాట, తాను అనకముందే కూతురు రాసి, కాదు మా నాన్న ఇలా అనడని కొట్టేసుకుంది. తాను మాత్రం అదే అన్నాడు. చొక్కా చెయ్యితో కళ్లు తుడుచుకున్నాడు.

"ఇది కథ కాదు కదూ అక్కయ్యా?"

"కాదు తమ్ముడూ. ఆ వయసు పిల్ల కథలో కూడా వద్దంటే మానే అబ్బాయిని ఊహించుకోలేకపోయిందంటే, చూడక కాదూ? మానని వాడు ఒకడు నిజంగానే దాని వెంట పడుతున్నాడు. ఈ నవలలన్నీ మంచివే అనను. వెంటపడటాన్నే ప్రేమ అని రాసినవీ దిద్దాను, పళ్లు నూరుకుంటూ దిద్దాను. కానీ ఏది మంచిదో ఏది కాదో పిల్లతో కూర్చుని మాట్లాడేవాళ్లు ఇంట్లో ఉండద్దూ? మనం ప్రేమ మాటెత్తితే తిడతాం, నవ్వితే కసురుతాం. ఇక అది వాడి సంగతి ఏ నోటితో చెబుతుంది? చెబితే ముందు తిట్లు తనకే కదా!" ఆవిడ ఆ ఖాళీ మీద వేలు పెట్టింది. "ప్రూఫుల్లో ఇలా ఖాళీ వస్తే మేం సొంతంగా నింపం. రాసినాయన్నే పిలిచి అడుగుతాం. ఇక్కడ అడగాల్సింది నిన్నే. ఏమంటావు?"

ఆయన లేచాడు. ఆరో ఫారాన్ని అంచులు కత్తిరించి, దారంతో రెండు కుట్లు వేసి, సంచీలో పెట్టుకుని మధ్యాహ్నానికే ఇంటికి బయల్దేరాడు.

కూతురు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. యూనిఫాం ఇస్త్రీ చేసి కుర్చీకి వేలాడేసి ఉంది. తండ్రిని చూసి గబుక్కున లేచి నిలబడింది. ఆ లేవడం చూసి ఆయనకు సిగ్గేసింది.

"కూర్చోమ్మా. నీకు రావలసింది ఒకటి మిగిలిపోయింది" అని ఫారం ముందు పెట్టాడు.

పిల్ల మొదటి పేజీ నంబరు చూసింది, తండ్రి ముఖం చూసింది. బెరుకుబెరుకుగా చదవడం మొదలుపెట్టింది. గుంట దగ్గరికి వచ్చేసరికి ఆపుకోలేక నవ్వింది. నవ్వి, భయంతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చెయ్యి తియ్యి తల్లీ. నేనూ అక్కడే నవ్వాను" అన్నాడు తండ్రి.

అప్పుడు ఆ పిల్ల అడిగింది. "నాన్నా, వద్దంటే నిజంగానే మానేస్తారా?"

ఎనభయ్యో పేజీ నుంచి ఆ పిల్ల అడగాలనుకుంటున్నది ఇదే. ఆయన కూతురి పక్కన కూర్చున్నాడు. "మానేస్తారమ్మా. మానెయ్యాలి. మానకపోతే అది ప్రేమ కాదు."

పిల్ల ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. ట్యూషన్ దగ్గర బస్సుస్టాపులో ఒకడు నాలుగు నెలలుగా వెంటపడుతున్నాడు. కాళ్లు ఇటే వస్తాయన్న మాట వాడిదే. తల్లి కుట్టుమిషను ఆపి వచ్చి కూతురి తల పొట్టకి అదుముకుంది. "నేనూ ఈ వయసులో ఇలాంటివి మా నాన్నకి చెప్పలేకపోయానండీ. మీకు కూడా ఇవాళే చెప్తున్నాను" అంది. ఆ మాటకు ఆయన తల దించుకున్నాడు.

తర్వాత సంచీలోంచి నోటుపుస్తకం తీశాడు. జేబులోని పెన్సిలు తీసి, తొంభై ఆరో పేజీలో ఖాళీ వదిలిన చోట తన వంకర టింకర అక్షరాలతో నెమ్మదిగా రాశాడు. కూతురు భుజం మీది నుంచి చదివింది.

"నాన్న అన్నాడు: తప్పు నీది కాదు. నిన్న నేనన్నది తప్పు. పద, రేపు ముగ్గురం వెళ్దాం."

మర్నాడు ముగ్గురూ వెళ్లారు, ముందు హెడ్మిస్ట్రెస్ గదికి, అక్కణ్ణుంచి పోలీసు స్టేషనుకు. ఆ పిల్ల బడి ఒక్క రోజే పోయింది. ఆ వారం నుంచి షాపు నుంచి ఇంటికి వచ్చేవి పాడైన షీట్లు కావు, కుట్టిన పుస్తకాలు. ఆదివారాలు ముగ్గురూ చదువుతారు, ఫలానా హీరో మంచివాడా కాడా అని వాదించుకుంటారు, వీధికి వినపడేలా నవ్వుకుంటారు.

అమ్మలారా, అయ్యలారా, మీ ఇంట్లో పిల్ల చేతిలో నవ్వుల ప్రేమకథ కనిపిస్తే లాక్కోకండి, పక్కన కూర్చుని మీరూ చదవండి. మీ ముందు నవ్వడానికి భయపడిన పిల్ల, భయం వేసినప్పుడు మీ దగ్గరికి రాదు.