కామాల ఫైలు, బావ కాలు

మా బావ నోరు తెరిచాడంటే ఎంతటివాడైనా పూర్తిగా వినాల్సిందే. కత్తెర తల మీద ఆడుతుంటే లేచి పోలేరు కదా! మా అక్క మొగుడు ఆయన. వీధి మలుపులో సెలూన్ ఆయనది. ఒక లారీ చక్రం ఆయన కుడికాలిని మోకాలి కింద నుంచి తీసుకుపోయాక ఆ సెలూన్ మూతపడింది. జుట్టు కత్తిరించడం నిలబడి చేసే పని మరి.

నేను కృత్రిమ కాళ్ళు చేసే వర్క్‌షాపులో కొలతలు తీస్తాను. మిగిలిన కాలి చుట్టూ మోకాలి కింద నుంచి చివరిదాకా వరసగా టేపు చుట్టి, ఒక్కో చోట చుట్టుకొలత ఎంతో కంప్యూటర్లో కొడతాను. ఆ అంకెల ప్రకారం యంత్రం సాకెట్ చెక్కుతుంది. సాకెట్ అంటే కాలు దూరే గిన్నె. అది సరిగ్గా పట్టిందా, మనిషి నడుస్తాడు. పట్టలేదా, ఎంత మంచి పాదం బిగించినా అది మంచం కింద పడి ఉంటుంది.

బావ అప్పటికే వేరేచోట కాళ్ళు చేయించుకుని, పుండ్లు పడి, విసిగిపోయి మా దగ్గరికొచ్చాడు. నేను టేపు చుడుతుంటే నవ్వుతూనే అన్నాడు.

"మరదలా, ఇదే ఆఖరు. ఇదీ కుదరకపోతే సెలూన్ అమ్మేసి మీ అక్క వంట తింటూ ఇంట్లో పడుంటా. అంతకు మించిన శిక్ష ఉందా?"

"ఉండు, అక్కతో చెప్తా."

"చెప్పు, చెప్పు. పారిపోవడానికి నాకు కాళ్ళెక్కడివి?"

నేనూ నవ్వాను. కానీ ఆ 'ఆఖరు' అన్న మాట మాత్రం వేళాకోళం కాదని నాకు తెలుసు.

మా ఫైల్లో కొలతలకు ముందు ఒక గడి ఉంటుంది, 'ఏమంటున్నారు' అని. నాతో పాటు కొలతలు తీసే ఆయన్ని మేమంతా మౌని అంటాం. ఆయన ప్రతివాళ్ళకీ అక్కడ 'ఏమీ లేదు' అని కొట్టేసి చేతులు దులుపుకుంటాడు. నాకు ఒళ్ళు మండుతుంది. కాలు పోయిన మనిషి ఎదురుగా కూర్చుని బాధ చెప్పుకుంటుంటే ఏమీ లేదని ఎలా రాస్తారండీ? నేను వాళ్ళు ఎలా చెప్తే అలాగే రాస్తాను. బావకి ఇలా రాశాను: 'అడుగున మంట, మెట్లు దిగితే ఎక్కువ, లేని పాదానికి దురద'.

సరిగ్గా అప్పుడే సాకెట్లు చెక్కే పాత యంత్రం మొరాయించింది. కొత్తది తెప్పించారు. అది మహారాణి, మా పాత ఫైళ్ళు ముట్టుకోదట.

మా ఆయన అక్కడే కంప్యూటర్లు చూసుకుంటాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ నాకు విడమరిచి చెప్పాడు. పాత ఫైల్లో మనిషికో వరస. పేరు, ఏ కాలు, ఏమంటున్నారు, ఆ తర్వాత కొలతలు, అన్నిటి మధ్యా కామాలు. కొత్త యంత్రానికి ఇలా పనికిరాదు, జేసన్ కావాలి.

"జేసనా? ఆయనెవరు?"

"మనిషి కాదే తల్లీ! ఫైలు రకం. ప్రతి కొలత పక్కనా అది దేనిదో రాసి ఉంటుంది."

యంత్రం అమ్మిన వాళ్ళేమో ఇవన్నీ మార్చివ్వడానికి చాలా రోజులు పడుతుందన్నారు. అన్నాళ్ళూ జనం కుంటుతూ కూర్చోవాలా అని నేను గొంతు లేపాను. మా ఆయన ఛాతీ విరుచుకున్నాడు. "వాళ్ళెందుకు? నల్ల తెర మీద ఒక్క లైను కొడితే చిటికెలో పని."

నిజంగానే కొట్టాడు. బొమ్మల్లేవు, బటన్లు లేవు, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. ఎంటర్ నొక్కాడు, అంతే, ఫైలంతా మారిపోయింది. పైనున్న పేర్లు కొన్ని పాతవాటితో సరిచూశాడు. పొల్లు పోకుండా ఉన్నాయి. ఆ రోజు ఆయన గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

బావ సాకెట్ వచ్చింది. అక్క కూడా వచ్చింది, ఇస్త్రీ చీర కట్టుకుని మరీ. రెండు కడ్డీల మధ్య బావ లేచి నిలబడ్డాడు. బరువు మోపగానే మిగిలిన కాలు గిన్నెలోకి జర్రున దిగిపోయి అడుగున తగిలింది. బావ ముఖం పాలిపోయింది. కేక వెయ్యలేదు. ఆయన కేక వేసినా బాగుండేది.

"కాలు చిక్కిందేమో బావా," అన్నాను. మా దగ్గర అది మామూలుగా జరిగేదే. కొన్నాళ్ళకి కండ తగ్గుతుంది, సాకెట్ వదులవుతుంది.

"అంతేలే. నా ఒళ్ళే నాకు ఎదురు తిరిగితే నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అని కాలు విప్పి నేల మీద పెట్టాడు. చంకకర్ర అందుకున్నాడు. అక్క వెనకే వెళ్ళింది, వెనక్కి తిరిగి నా వైపు కూడా చూడలేదు.

మర్నాడు అక్క ఫోన్ చేసింది. "సెలూన్ తలుపు మీద 'అమ్మబడును' అని అట్ట కట్టొచ్చాడే మీ బావ. అన్నం ముట్టడం లేదు. మాట్లాడటం లేదే! ఆయన మాట్లాడకపోతే ఇల్లు ఇల్లులా లేదు." 

తర్వాత నేనే కొలతలు తీసిన ఒక డ్రాయింగ్ టీచరమ్మ వచ్చింది. ఆవిడ సాకెట్టూ వదులే, కాకపోతే బావంత కాదు. ఆవిడ వెనకాలే, మౌని కొలతలు తీసిన ఒకాయన వచ్చాడు. చక్కగా తొడుక్కుని గుమ్మందాకా నడిచి చూపించాడు.  నేను కొలిచినవే పోతున్నాయా? నా చెయ్యి పాడైందా?

టీచరమ్మను కూర్చోబెట్టి మళ్ళీ టేపు చుట్టాను. పాత ఫైల్లో నేను రాసిన అంకెలే వచ్చాయి. కాలు చిక్కలేదు! అయితే తేడా ఎక్కడ? కొత్త యంత్రం తెర తెరిచి చూశాను. మోకాలి కింద ఉండాల్సిన కొలత ఒక మెట్టు కిందికి జారి ఉంది. దాని కింది కొలత ఇంకా కిందికి. అన్నీ అలాగే. చివరి కొలత అసలు లేనే లేదు. కాలు కిందికి పోయేకొద్దీ సన్నం, కాబట్టి గిన్నె అంతా వదులు.

మా ఆయన బల్ల దగ్గరికి విసురుగా వెళ్ళి, "మీ చిటికె పని చూడండి," అన్నాను.

ఆయన చూశాడు. బావ వరస తెరిచాడు. మొదటి కొలత ఉండాల్సిన చోట 'మెట్లు దిగితే ఎక్కువ' అని ఉంది. రెండో చోట 'లేని పాదానికి దురద'. ఆయన నాలుక్కరుచుకున్నాడు.

"కామా కనబడిన చోటల్లా ముక్క చెయ్యమన్నాను. నీ మాటల్లో ఉన్న కామాల దగ్గర కూడా ముక్క చేసేసింది. అంకె లేనిచోట ఈ యంత్రం నోరెత్తి అడగదు, పక్క కొలత చూసి తనే పూడ్చేసుకుంటుంది. అయినా నువ్వెందుకే అంత సోది రాస్తావు? మౌనిలా ఒక ముక్క రాస్తే..."

"ఏమన్నారు?"

నా గొంతు విని అవతల ప్లాస్టర్ కలుపుతున్న వాళ్ళు ఆగిపోయారు. ఆయన తెర వైపు తిరిగి మళ్ళీ చూసి, ఈసారి నెమ్మదిగా చెప్పాడు. "లేదు, తప్పు నాదే. పాత ప్రోగ్రాం నీ మాటల చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టే ఉంచింది, లోపలి కామాల జోలికి పోవద్దని. నేను చూసుకోలేదు. నేను సరిచూసిన పేర్లన్నీ మౌని కొలిచినవే. ఆయన రాసే 'ఏమీ లేదు'లో గుర్తులూ లేవు, కామాలూ లేవు."

అప్పుడర్థమైంది నాకు. టీచరమ్మ మితభాషి, ఆవిడ మాటల్లో ఒక్కటే కామా, ఒక మెట్టు జారింది. బావకి రెండు. ఎవరు ఎక్కువ బాధ చెప్పుకున్నారో వాళ్ళ కాలే ఎక్కువ చెడింది. ఏడుపొచ్చింది నాకు, అక్కడే, అందరి ముందూ.

మా ఆయన కొటేషన్ గుర్తులు ఎరిగిన వేరే కమాండుతో మళ్ళీ మార్చాడు. ప్రతి వరసలోనూ గడులన్నీ సరిపోయాయో లేదో లెక్క కట్టించాడు. ఆ పైన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నేను పాతది చదువుతుంటే తను కొత్తది చూస్తూ, ఒక్క పేరు వదలకుండా పోల్చాడు.

ఇద్దరం కలిసి బావ దగ్గరికి వెళ్ళాం. సెలూన్లోనే ఉన్నాడు, కుర్చీలో కూర్చుని కత్తెర్లు గుడ్డలో చుడుతూ. మా ఆయన నిలబడే అంతా చెప్పాడు, ఏమీ దాచుకోకుండా.

బావ విన్నాడు. "అయితే తమ్ముడూ, నేను నోరు మూసుకుని ఉంటే ఈపాటికి నడిచేవాణ్ణన్నమాట," అన్నాడు.

మా ఆయన తల దించుకున్నాడు. బావ నా వైపు తిరిగాడు.

"మరదలా, నా కాలు చిక్కలేదా?"

"లేదు బావా. నీ కాలికేమీ కాలేదు. కొలతలే జారాయి."

భుజం మీది తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆయన చేతిలో ఉన్న కత్తెర్ల మూట తీసుకుని విప్పి, ఒక్కొక్కటీ అద్దం ముందు పెట్టాను. మా ఆయన వెళ్ళి తలుపు మీది అట్ట విప్పేశాడు.

కొత్త సాకెట్ వచ్చిన రోజు బావ కడ్డీల మధ్య నిలబడ్డాడు. బరువు మోపాడు. గిన్నె చుట్టూ పట్టింది, కాలు జారలేదు. ఒక చెయ్యి వదిలాడు. రెండోదీ వదిలాడు. అక్క గోడకి ఆనుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ ఆ చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి, నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.

నేను కంప్యూటర్లో ఆయన వరస తెరిచాను. 'ఏమంటున్నారు' గడి దగ్గర వేలు పెట్టి, "చెప్పు బావా," అన్నాను.

"ఏమీ లేదని రాయి."

మా బావేనా ఈ మాటంది! "నీ మొహం! అలా రాసే పనైతే నేనెందుకిక్కడ? ఎలా ఉందో చెప్పు."

"వద్దులే, మళ్ళీ ఏమన్నా జారుతుందేమో," అన్నాడు. వేళాకోళంగానే అన్నాడు గానీ కళ్ళు మాత్రం తెర మీది ఆ గడి మీదే ఉన్నాయి.

అవతలి బల్ల దగ్గర నుంచి మా ఆయన తల ఎత్తాడు. "చెప్పు అన్నయ్యా. ఎంతైనా చెప్పు. ఈసారి ఏమీ జారదు."

బావ అక్క వైపు చూశాడు. తర్వాత కొత్త కాలి వైపు చూశాడు. మెల్లిగా మొదలుపెట్టాడు, బాగుందన్నాడు, అడుగున మంట లేదన్నాడు, మెట్లంటే ఇంకా భయమన్నాడు, లారీ చప్పుడు వింటే కడుపులో తిప్పుతుందన్నాడు, ఇన్నాళ్ళూ అక్కకి ఈ మాట చెప్పలేదన్నాడు. అక్క వచ్చి ఆయన పక్కన కూర్చుంది. నేను ఒక్క ముక్క వదలకుండా కొడుతూనే ఉన్నాను, కామాలతో సహా.