కర్లూ వినేసింది

బర్నెట్ నది మొగలో పడవల మీద కాపురముండే వాళ్ళందరికీ ఒడ్డున ఒకటే లాండ్రీ. నొయెలీన్ పన్నెండేళ్ళుగా అక్కడే బట్టలు ఉతుక్కుంటోంది. చలికాలంలో తెరచాప ఎత్తుకుని దీవుల వెంట ఉత్తరానికి పోవడం, తుపాన్ల నెలలు రాకముందే వెనక్కి వచ్చి ఆ రేవులో కర్లూని కట్టెయ్యడం ఆమెకీ, ఆమె మొగుడు క్లైవ్‌కీ అలవాటు. కర్లూ వాళ్ళ పడవ, వాళ్ళ ఇల్లు, గొడవపడినప్పుడు ఎటూ పోయే దారిలేని ముప్పై ఎనిమిది అడుగుల చోటు.

పడవ అమ్మాలనుకున్నవాళ్ళు ఆ మాట లాండ్రీలోనే మాట్లాడుకుంటారు. పడవ మీద ఎత్తకూడదు, అది వింటుంది. లాండ్రీలో నాలుగు మిషన్లు గడగడలాడుతుంటాయి కాబట్టి ఏ పడవ చెవినా పడదు. నెలరోజులుగా క్లైవ్, నొయెలీన్ మాసిన బట్టలున్నా లేకపోయినా జంటగా అక్కడికి వస్తున్నారు.

"మీ ఇద్దరికీ ఈ మధ్య శుభ్రం ఎక్కువైపోయింది. నిన్న ఉతికిన దుప్పటే మళ్ళీ తెచ్చారు," అని ఏడిపించేది లాండ్రీ చూసుకునే మెరియానా. ఫాంగరే నుంచి వచ్చిన మావోరీ మనిషి, డెబ్బై దాటినా నోరు ఊరుకోదు. కానీ అంతకుమించి ఏమీ అడిగేది కాదు.

ఆగస్టులో పెర్సీ దీవుల దగ్గర చుక్కాని పట్టుకున్న క్లైవ్ ఉన్నట్టుండి తన చేతుల వంక చూసి, "ఈ కర్ర దేనికి?" అన్నాడు. ఎదురుగా నీళ్ళలో రాతిగుట్ట నురగలు కక్కుతోంది. నొయెలీన్ అతన్ని పక్కకి తోసేసి చుక్కాని తిప్పింది. పది నిమిషాలకి మళ్ళీ మామూలు మనిషై టీ అడిగాడు. ఆ తర్వాత మరో రెండుసార్లు అలాగే అయింది. ఇవి ఇంకా పెరుగుతాయి, కాళ్ళకింద నేల ఉన్నచోట, ఆసుపత్రికి దగ్గర్లో ఉండండి అన్నాడు డాక్టరు. అతన్ని సముద్రానికి వదులుకోకూడదని ఆమె ఆరోజే గట్టిగా అనుకుంది. ఆసుపత్రి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు చూశారు. గురువారం బ్రిస్బేన్ నుంచి ఎవరో దంపతులొచ్చి కర్లూని తీసుకుంటారు. క్లైవ్ అన్నిటికీ సరే అన్నాడు. ఎక్కువ మాట్లాడకుండా సరే అన్నాడు.

సోమవారం పొద్దున నొయెలీన్ సంచీతో దిగబోతే పడవకీ రేవుకీ మధ్య సందు పెరిగి కాలు సాచాల్సి వచ్చింది. ఎప్పుడూ ఒక్క అడుగులో రేవు చెక్కల మీదికి దిగే మనిషి. తాళ్ళు చూసింది. తను వేసిన ముళ్ళు వేసినట్టే ఉన్నాయి, వదులు కాలేదు, బిగుసుకోలేదు. మంగళవారానికి దూకాల్సి వచ్చింది. పక్క పడవాయన ఏమీ అడక్కుండా ఒక పలక తెచ్చి అడ్డంగా వేసి, తల తిప్పుకుని వెళ్ళిపోయాడు. రేవులో వాళ్ళంతా జబ్బుమనిషి ఉన్న ఇంటి ముందు నడిచినట్టు కర్లూ దగ్గర నెమ్మదిగా నడుస్తున్నారు.

బుధవారం పొద్దున క్లైవే ఆమె చేతికి సంచీ ఇచ్చాడు. "ఈ దుప్పట్లు కూడా పడెయ్ నోల్. కొత్తింట్లోకి మాసినవెందుకు," అన్నాడు. పలక మీద ఆమె దాటుతుంటే పడవ మీద నుంచే మోచెయ్యి పట్టుకున్నాడు.

"వినేసిందన్నమాట. ఎవరు వాగారు?" అంది లాండ్రీలో మెరియానా, సంగతంతా విని.

"ఎవరూ కాదు. పడవ మీద మేం నోరెత్తితే ఒట్టు."

"ఎవరో ఒకరు ఎత్తారు చెల్లీ. సరే, ముందు మనిషిని దింపు. గిన్నెలూ దుప్పట్లూ తర్వాత. నేను ముందు గిన్నెలు దింపాను."

మెరియానా మొగుడు రాంగిని వాళ్ళ పడవ మోసుకుపోయిన సంగతి రేవులో అందరికీ తెలుసు. నొయెలీన్ అయినా అడిగింది. "ఏమన్నా కబురుందా?"

"పోయిన నెల కలడోనియా దీవి అవతల సముద్రంలో ఎవరికో కనబడ్డాడట. గడ్డం పెంచాడట. పలకరిస్తే పలకలేదట," అంటూ మెరియానా దుప్పటి మడత పెట్టింది.

నొయెలీన్‌ బట్టలు మిషన్‌లోనే వదిలేసి పరుగెత్తింది.

పలక నీళ్ళలో తేలుతోంది. కర్లూకీ రేవుకీ మధ్య ఇంకో పడవ పట్టేంత నీరుంది. తాళ్ళు నాలుగూ కట్టినట్టే ఉన్నాయి. క్లైవ్ వెనక బల్లమీద కూచుని టీ తాగుతున్నాడు.

"లే! ఈ డింగీ పడవ తెస్తున్నా, దిగు," అని అరిచింది.

"నువ్వు దిగావుగా. చాలు."

అప్పుడు అర్థమైంది ఆమెకి. "నువ్వే చెప్పావా దానికి?"

"చెప్పకుండా ఎలా పోతానే? పన్నెండేళ్ళు మోసింది. దొంగల్లా లాండ్రీలో గుసగుసలాడుకుని పోదామంటావా?"

"ముసలోడా, నీకు బుద్ధుందా! ఏమంది?"

"ఇద్దర్నీ వదల్నంది. ఒకర్ని దింపుకో అంది." టీ గుక్క మింగాడు. "నేనింక ఎన్నాళ్ళు నేనుగా ఉంటానో తెలీదు. ఇంకేం ఆలోచిస్తాను నోల్? నిన్ను దింపేశాను."

ఆమెకి కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. పక్కాయన డింగీ లాక్కుని అందులోకి దిగి తెడ్లు వేసింది. ఈదురుగాలిలో కూడా తెడ్డు వేసిన చేతులవి. యాభై సార్లు వేసింది, వంద సార్లు వేసింది. తిరిగి చూస్తే కర్లూ ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో ఉంది. వెనక రేవు మాత్రం దూరమైంది. చేతులు తిమ్మిరెక్కి ఆగిపోయింది.

"నేను లేకుండా నువ్వొక్కడివీ ఏం చేస్తావు? క్లైవ్! నీళ్ళలోకి దూకు, నేను పట్టుకుంటాను. నా మాట విను, దూకు!"

క్లైవ్ లేచి నిలబడ్డాడు. కప్పు పక్కన పెట్టాడు. కడ్డీ పట్టుకుని ముందుకి వంగాడు కూడా. దూకుతాడనే అనుకుంది, రెండు చేతులూ చాచింది.

అతను తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత ఆమె వంక చూశాడు. ముఖంలో బాధ ఏమీ లేదు. పరాయి ఆడమనిషి ఇబ్బందిలో ఉంటే పెద్దమనిషి చూసే చూపు.

"ఏవండీ, అంతదూరం ఒక్కరే వచ్చారు. ఎవరికోసమైనా చూస్తున్నారా?" అన్నాడు.

నలభై ఒక్క ఏళ్ళలో అతను ఆమెని మీరు అనడం అదే మొదలు. ఆమె చాచిన చేతులు దింపుకుంది.

"మా ఆయన కోసమండీ," అంది. "ఆ పడవలోనే ఉన్నాడు. దిగమంటే దిగడం లేదు."

"అయ్యో. తొందరగా దిగాలి కదా మరి, దూరం పెరిగిపోతుంటే. ఉండండి, నేను చెప్తాను."

క్లైవ్ వంగి మెట్లలోంచి కిందికి కేకేశాడు. "ఏమయ్యా, లోపలున్నాయనా! మీ ఆవిడ వచ్చింది, పైకి రా!" కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. మెట్లు దిగాడు. లోపల తలుపులు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు ఒక్కొక్కటే ఆమెకి వినిపించాయి. అన్ని గదులూ ఓపిగ్గా వెతికి మళ్ళీ పైకి వచ్చాడు.

"లోపల ఎవరూ లేరండీ," అన్నాడు.